పరాసుపేట మార్తమ్మ గారి ద్రాక్షతోట

పోయిన చలికాలంలో ఒక పొద్దున నేను వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే గేటు ముందు ఆటో ఆగింది. దిగినామెకి ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. ఎండకి కందిపోయిన తెల్లటి మొహం, భుజాన ఒక సంచి. చేతిలోని కాగితం చూసుకుని, "మదాం బారతీ?" అంది. బందరులో మా ఇంటికి ఫ్రాన్సు నుంచి మనిషి రావడానికి ఒకే ఒక్క కారణం ఉండగలదు. అందుకని పేరైనా అడక్కుండా, "మీరు జాన్ గారి మనవరాలా?" అన్నాను, ఫ్రెంచిలోనే. ఆ భాషలో నోరు విప్పి నలభై ఏళ్లు దాటింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, ఆపుకోలేక నవ్వేసింది. "క్షమించండి. మా జాన్ నాయనమ్మ వాళ్ల నాన్నని అనుకరిస్తూ మాట్లాడేది. మీరు అచ్చం అలాగే మాట్లాడుతున్నారు," అంది. నవ్వడంలో ఆమె తప్పేమీ లేదు. నాకొచ్చిన ఫ్రెంచి అంతా ఒక ద్రాక్షతోటలోనూ, దాని పక్కనున్న పీపాల కొట్లోనూ పుట్టింది. మంచినీళ్లు కావాలా అని మర్యాదగా అడగడం నాకు సరిగా రాదు. పీపాలో వెలితి పడితే నింపారా అని మాత్రం తడుముకోకుండా అడగగలను.

ఆ అమ్మాయి పేరు క్లేర్. సంచిలోంచి పురికొసతో కట్టిన ఉత్తరాల కట్ట తీసి నా ఒళ్లో పెట్టింది. అన్నీ నా చేతిరాతే. పదహారేళ్లప్పటి గుండ్రటి అక్షరాలు, అడుగడుగునా తప్పులు. ఒకదాంట్లో మా ఊళ్లో వర్షాలు మొదలయ్యాయని రాయబోయి, మా ఊరి పీపా కారిపోతోందని రాశానట. వాళ్లింట్లో పిల్లలు దాన్ని మూడు తరాలుగా చెప్పుకుని నవ్వుకుంటున్నారట. నాలుగు రోజులుండి, మంగినపూడిలో సముద్రం చూసి, గోంగూర పచ్చడి సీసా ఒకటి పట్టుకుని వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక ఇల్లు సద్దుమణిగింది గానీ నా మనసు సద్దుమణగలేదు. చుట్టుపక్కల ఒక్క ద్రాక్షతీగైనా లేని ఊళ్లో కూర్చుని, ఎన్నడూ చూడని ఒక తోట మంచిచెడ్డల గురించి నేను నిద్రాహారాలు మానుకున్న కాలం ఒకటుంది. అది రాసిపెట్టాలనిపించింది.

బందరులో పరాసుపేట అని ఒక పేట ఉంది. పూర్వం ఫ్రెంచివాళ్లని మనవాళ్లు పరాసులనేవారు. వాళ్ల వర్తకం పోయినా, జెండా పోయినా, పేటకి పేరు మాత్రం మిగిలిపోయింది. నా చిన్నతనంలో ఆ పేటలో మిగిలిన ఒకే ఒక్క పరాసు మనిషి మార్తమ్మ గారు. అసలు పేరు మార్త్. మా వీధి నోట్లో పడి మార్తమ్మ అయింది. మా ఇంటికి నాలుగిళ్ల అవతల పెంకుటింట్లో ఉండేవారు. సన్నటి నేతచీర కుచ్చిళ్లు కాస్త ఎత్తుగా కట్టుకుని, జుట్టు ముడేసుకుని, పొద్దున్నే ఇంటిముందు తనే నీళ్లు చల్లుకునేవారు. ముగ్గు వేయడం మాత్రం రాలేదు. "గీతలు వంకరొస్తున్నాయమ్మా," అని మా అమ్మని పిలిచి వేయించుకునేవారు. ముప్ఫై అయిదేళ్లుగా బందరులో ఉన్న మనిషి కావడంతో మాటంతా మా మాటే. ఒక్క 'హ' మాత్రం ఆవిడ నోట పలికేది కాదు. ఆ ఇంట్లోకి అడుగు పెడితే కాల్చిన రొట్టె వాసన, కాఫీ వాసన, చెరకురసం పులియబెట్టి చేసిన పుల్లనీళ్లలో ఊరుతున్న ఉల్లిపాయల వాసన కలిసి ఎదురొచ్చేవి. వారానికోసారి పెరట్లో తను మట్టితో కట్టుకున్న పొయ్యిలో రొట్టె కాల్చి, మొదటి ముక్క వీధిలో ఎవరు కనిపిస్తే వాళ్ల చేతిలో పెట్టేవారు. అది గట్టిగా రాయిలా ఉండేది. తినలేమని చెప్పడానికి మొహమాటపడి మేమందరం నమిలి మింగేవాళ్లం.

ఆవిడ భర్త ఫిలిప్పు గారిది యానాం. తెలుగు కుటుంబమే. మొదటి ప్రపంచ యుద్ధానికి ఫ్రెంచివాళ్ల తరఫున సిపాయిగా వెళ్లి, కాలికి గాయమై, బోర్డో పట్నానికి తూర్పున ఒక పల్లెలోని ఆసుపత్రిలో పడ్డారు. ఆ ఏడు ద్రాక్ష పండేసరికి ఊళ్లో మగవాళ్లంతా యుద్ధంలో ఉన్నారు. కోతకి ఆడవాళ్లూ, ముసలివాళ్లూ, కాస్త లేచి తిరుగుతున్న సిపాయిలూ తప్ప దిక్కులేదు. ఫిలిప్పు గారు కుంటుకుంటూనే వీపున బుట్ట కట్టుకుని పళ్లు మోశారు. "మా నాన్న ఆయన మాట ఒక్కటీ అర్థం చేసుకోలేదు. పని చూసి పిల్లనిచ్చాడు," అనేవారు మార్తమ్మ గారు. యుద్ధం అయ్యాక ఓడెక్కి వచ్చేశారు. ఇక్కడి ఫ్రెంచి కచేరీలో ఆయనకి గుమాస్తా పని దొరికింది. పిల్లలు కలగలేదు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన పోయారు. ఆవిడ తిరిగి వాళ్ల దేశం వెళ్లిపోతారని ఊరంతా అనుకుంది. ఆవిడ వెళ్లలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "అక్కడ చలండీ," అని మాట తప్పించేసేవారు.

ఆవిడ పుట్టింటి తోట పెద్ద ఎస్టేటేమీ కాదు. తమ్ముడు లూసియన్ ఒక్కడే చూసుకునే ఏడెకరాలు. ముదురు పసుపు రంగు రాతితో కట్టిన ఇల్లు. ఆ ఇంటికి రాళ్లు తీసిన గొయ్యినే కొట్టుగా మార్చి అందులో పీపాలు పెట్టుకున్నారు. మెట్ల మీద నాచు ఉంటుందనీ, ఎండాకాలంలో కూడా అక్కడ పైట కప్పుకోవాల్సిందేననీ నాకు కళ్లకి కట్టినట్టు తెలుసు. ప్రతి వరస చివరా ఒక గులాబీ మొక్క ఉంటుంది. తెగులు తీగ కంటే ముందు గులాబీకి పడుతుంది, అది చూసి మందు కొట్టుకోవాలి. వైన్ పీపాలో తేరుకోవడానికి గుడ్లలోని తెల్లసొన గిలక్కొట్టి పోస్తారు. మడ్డినంతా పట్టుకుని అది అడుక్కి దిగిపోతుంది. మిగిలిన పచ్చసొనలతో ఆ వారమంతా ఇంట్లో కేకులే. అమ్మకానికి పెట్టే ఎర్ర వైన్ ఒకటి, పెళ్లిళ్లకీ బాప్తిస్మాలకీ దాచుకునే తియ్యటి తెల్ల వైన్ చిన్న పీపా ఒకటి, పిండిన పిప్పి మీద మళ్లీ నీళ్లు పోసి కూలీల కోసం తీసే పలచటిది ఇంకొకటి. మార్తమ్మ గారు చిన్నప్పుడు తాగిందంతా ఆ పలచటిదేనట. "అసలుది మాకెక్కడిస్తారు? అది అమ్ముకోవాలిగా," అనేవారు నవ్వుతూ.

ఇవన్నీ నాకెలా తెలిశాయంటే, ఆవిడ కళ్లకి నెమ్మదిగా శుక్లాలు కమ్మాయి. తమ్ముడి చేతిరాత చీమల బారులా ఉండేది. నేను పదకొండేళ్లప్పుడు ఒక సాయంత్రం గట్టిగా పాఠం చదువుకుంటుంటే విని, మా నాన్నని అడిగారు. "మీ అమ్మాయికి గొంతు బావుందండీ. ఫ్రెంచి నేర్పుతాను, నాకు ఉత్తరాలు చదివి పెడుతుంది." మా నాన్న వ్యవసాయ శాఖలో డిమాన్‌స్ట్రేటరు. మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం తయారుచేసి, తాటిచెట్ల తెగులుకీ తమలపాకు తోటలకీ కొట్టించడం ఆయన ఉద్యోగం. ఆ మందు పుట్టింది మార్తమ్మ గారి పుట్టింటి వైపేనని తెలిశాక, ఆవిడంటే ఆయనకి ఒక గురుభావం. వెంటనే ఒప్పేసుకున్నారు. మా అమ్మకి మాత్రం నచ్చలేదు. "సారా కాచే ఇంటి సంగతులా ఆడపిల్ల చదివేది?" అని గొణిగేది. అప్పుడు మన జిల్లాలన్నిటా మద్యనిషేధం. మార్తమ్మ గారు ఆ మాట విని నొచ్చుకోలేదు. "కాచరమ్మా. మీరు ఆవకాయ పెట్టినట్టే, ఊరబెడతారు," అని మా అమ్మకి ఓపిగ్గా చెప్పారు. అమ్మ ఆ పోలికకి ఇంకా మండిపడింది.

లూసియన్ గారు నెలకో ఉత్తరం రాసేవారు. వాతావరణంతో మొదలుపెట్టి, తీగల సంగతి చెప్పి, పీపాల సంగతి చెప్పి, చివరి రెండు వరసల్లో ఎవరు పుట్టారో ఎవరు పోయారో రాసేవారు. నేను చదువుతుంటే మార్తమ్మ గారు కళ్లు మూసుకుని, "వానా? ఏ నెలలో? మళ్లీ చదువు," అనేవారు. పూత మీద వాన పడితే ఆవిడకి ఆ రోజు అన్నం దిగేది కాదు. అయిదేళ్లు చదివేసరికి నాకూ అలాగే అయింది. బందరులో వడగాడ్పులు కొడుతుంటే నేను అక్కడి చిగుళ్ల గురించి ఆలోచిస్తూ కూర్చునేదాన్ని.

నాకు పదహారేళ్లు వచ్చిన ఏడు ఆవిడకి గుడివాడలో కంటి ఆపరేషన్ చేశారు. ఇప్పుడు పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి నడుచుకుంటూ వచ్చేస్తున్నారు. అప్పట్లో కంటికి కట్టు కట్టి, తలకి అటూ ఇటూ ఇసుకసంచులు పెట్టి, కదలకుండా పడుకోబెట్టేవారు. "దగ్గకూడదు, తుమ్మకూడదు. ముఖ్యంగా ఏడవకూడదు. కుట్లు తెగితే కన్ను పోయినట్టే," అని డాక్టరు నాకు మరీ మరీ చెప్పారు. అమ్మా నేనూ వంతులవారీగా కూర్చున్నాం. నాలుగో రోజున నాన్న బందరు నుంచి వస్తూ ఫ్రాన్సు ఉత్తరం తెచ్చారు. కవరు చింపిన చప్పుడు వినగానే మార్తమ్మ గారి పెదాల మీద నవ్వొచ్చింది. "చదువు భారతీ. వాతావరణం ఎలా ఉందిట?"

మొదటి వరసలు పైకి చదవకుండా కళ్లతోనే చదువుకున్నాను. అంతకుముందు ఎన్నడూ లేనంత చలి వచ్చిందట. ముందు వెచ్చబడి, తీగల్లో రసం ఎక్కడం మొదలయ్యాక, ఒక్కసారిగా మంచు గడ్డకట్టి మూడు వారాలు వదల్లేదట. మొదళ్లు టపటపమని పగిలిన చప్పుడు ఇంట్లోకి వినిపించిందట. తాత నాటిన తీగలు కూడా పోయాయి, అంతా పోయింది మార్త్, అని రాశారు లూసియన్ గారు. నేను ఇసుకసంచుల మధ్యనున్న ఆ మొహం వంక చూశాను. డాక్టరు మాట గుర్తొచ్చింది. "చలి బాగానే ఉందిటండీ," అన్నాను. "తీగలు మంచు కింద హాయిగా నిద్రపోతున్నాయిట." "మంచిది. బాగా నిద్రపోతే బాగా కాస్తాయి," అన్నారావిడ. ఆ సంతోషంలో అప్పటికప్పుడు జవాబు కూడా చెప్పి రాయించారు. ఆ జవాబు నేను పోస్టు చెయ్యలేదు.

కట్టు విప్పాక చెబుదామనుకున్నాను. కట్టు విప్పినా కళ్లజోడు రావడానికి ఇంకో నెల పడుతుందనీ, అప్పటిదాకా జాగ్రత్తగా ఉండాలనీ అన్నారు. ఈలోగా మరో రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకటి లూసియన్ గారిదే. తనకి వయసైపోయింది, మళ్లీ నాటే ఓపిక లేదు, పట్నంలోని ఒక పెద్ద వర్తకుడు తోట అడుగుతున్నాడు, సగం భాగం నీది కాబట్టి నీ సంతకం కావాలి, మే నెలాఖరులోగా జవాబు రాకపోతే నీకు సమ్మతమేనని అనుకుంటాను అని. రెండోది ఆయన కూతురు జాన్ రాసింది. జాన్ భర్త పోయాక చిన్నపిల్లాణ్ణి తీసుకుని పుట్టింటికి వచ్చేసిన మనిషి. "అత్తా, సంతకం చెయ్యకు. నేను నేలకి జానెడు ఎత్తులో ఒక మొదలు కోసి చూశాను. లోపల పచ్చగా ఉంది. నాన్న చూడనంటున్నాడు," అని రాసింది. ఆ రెండూ కూడా నేను నా ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచాను. మార్తమ్మ గారికి వేరే ఉత్తరం చదివాను, నా బుర్రలోంచి. చిగుళ్లు వచ్చాయన్నాను. జాన్ కొడుకు గులాబీ ముల్లు గుచ్చుకుని ఏడిచాడన్నాను. అబద్ధం అంత వివరంగా ఎలా వచ్చేదో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. మే నెల దగ్గరపడింది. చివరికి నాన్నకి చెప్పేశాను. "ఆవిడ కన్ను కాపాడావు. ఇప్పుడు ఆవిడ తోట నీ పెట్టెలో ఉంది. వెళ్లి ఇచ్చెయ్యి," అన్నారు.

ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చాక చెబుదామని, ఉత్తరాలు మాత్రం శుక్రవారమే తీసుకెళ్లి ఆవిడ బల్ల సొరుగులో మామూలు చోట పెట్టాను. శనివారం కళ్లజోడు వచ్చేసింది. నేను వెళ్లేసరికి ఆవిడ వరండాలో కూర్చుని ఉన్నారు. సీసా అడుగుల్లాంటి అద్దాల వెనక కళ్లు ఇంతింత పెద్దగా కనిపించాయి. ఒళ్లో మూడు ఉత్తరాలు. ఎన్నో ఏళ్ల తర్వాత తమ్ముడి చేతిరాత తనంతట తాను చదువుకుందామని ముచ్చటపడి తీశారట.

"తీగలు నిద్రపోతున్నాయని ఎక్కడుందో చూపించు భారతీ," అన్నారు.

ఆవిడ ఇంకో ఉత్తరం తీసి నా ముందు పెట్టారు.

"పోనీ, ఆ పిల్లాడికి ముల్లు గుచ్చుకుంది ఎక్కడ?"

"డాక్టరు గారు ఏడవకూడదన్నారండీ..." అన్నాను.

"నా కళ్లు నీకిచ్చాను," అన్నారావిడ నెమ్మదిగా. "నువ్వు వాటితో నీకిష్టమైంది చూశావు. ఇంటికి వెళ్లు."

పన్నెండు రోజులు ఆ గుమ్మం తొక్కలేదు. వీధిలో ఆవిడ కనిపిస్తే నేనే తలుపు చాటుకి తప్పుకునేదాన్ని. పదమూడో రోజు పొద్దున్నే మార్తమ్మ గారు మా ఇంటికి వచ్చారు. తలుపు తీసింది అమ్మ. ఇన్నాళ్లూ ఆ చదువు వద్దన్న మనిషి ఇదే సందని దులిపేస్తుందనుకున్నాను. అమ్మ ఆవిడకి కుర్చీ వేసి, "అది తప్పే చేసిందండీ. కాదనను. కానీ ఆ నెలన్నరా దానికి అన్నం సయించలేదు, నేను చూశాను," అంది. "నాకూ సయించడం లేదమ్మా," అన్నారు మార్తమ్మ గారు. తర్వాత నాన్న వైపు తిరిగి, "మీరు మొక్కల డాక్టరు కదా. మంచుకి పగిలిన తీగ బతుకుతుందా?" అని అడిగారు. నాన్న నిజాయితీగా, "నేను మంచు పుస్తకాల్లోనే చూశానండీ. చెప్పలేను. కానీ ఉప్పునీళ్లు తాగిన తోట ఒకటి చూపించగలను. రేపు దివిసీమ వెళ్తున్నాను, రండి," అన్నారు.

ఆ తోట మా మావయ్యది, అంటే అమ్మ అన్నయ్యది. అవనిగడ్డ అవతల, సముద్రానికి దగ్గర. చల్లపల్లి మీదుగా బస్సులో వెళ్లి, రేవు దాటి, అక్కణ్ణుంచి ఎడ్లబండిలో వెళ్లాం. దారి పొడుగునా మార్తమ్మ గారు నాతో మాట్లాడలేదు. బండి కుదుపుకి నా భుజం పట్టుకున్నారు, అంతే. అంతకు రెండేళ్ల ముందు గాలివానలో ఉప్పునీళ్లు పొలాల్లోకి వచ్చి మావయ్య తమలపాకు తోట మొత్తం పోయింది. తీగలు పాకించే అవిసె చెట్లు కూడా మాడిపోయాయి. నేను అప్పుడు చూశాను, నేల తెల్లగా సున్నం కొట్టినట్టుండేది. ఇప్పుడు వెళ్లేసరికి సగం మేర కొత్త అవిసెలు నిలువెత్తు లేచి ఉన్నాయి. వాటి మొదట్లో చూపుడువేలంత తమలపాకు తీగలు. మిగతా సగంలో మావయ్య మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి గట్టు తెగ్గొడుతున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?" అని అడిగారు మార్తమ్మ గారు.

"ఉప్పు కడుగుతున్నానండమ్మగారూ. కాలవ నీళ్లు పెట్టడం, నాలుగు రోజులు ఉంచడం, వదిలెయ్యడం. రెండేళ్లుగా ఇదే పని."

"తీగ ఆకు కోతకి ఎన్నాళ్లు పడుతుంది?"

"ఇంకో రెండేళ్లయితే చేతికొస్తుందండీ."

"మీ వయసెంత?"

మావయ్య నవ్వాడు. "అరవైకి దగ్గరండీ. ఏం చేస్తామండీ మరి, పొలం ఎక్కడికీ పోలేదు, నేనూ ఎక్కడికీ పోలేదు."

మార్తమ్మ గారు చెప్పులు విడిచి, చీర కాస్త ఎత్తిపట్టుకుని ఆ బురదలోకి దిగారు. వంగి ఒక చిన్న తీగని రెండు వేళ్లతో పట్టుకుని, కొత్త కళ్లజోడు దానికి ఆనేంత దగ్గరగా పెట్టి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు. రెండు వారాల తర్వాత మొదటిసారి. "కాగితం, పెన్ను ఉన్నాయా?" అన్నారు. నాన్న జేబులో ఉన్నాయి. ఆ గట్టు మీదే కూర్చుని చెప్పారు, నేను రాశాను. తోట అమ్మను. నా సగం జాన్‌కి ఇచ్చేస్తున్నాను. నేల దగ్గర కొయ్యండి. చిగుళ్ల కోసం ఆగండి. రాయడం అయ్యాక, "చదువు," అన్నారు. చదివాను. కాగితం తీసుకుని ఒక్కో మాటా సరిచూసుకుని తిరిగి ఇచ్చారు. కళ్లజోడు వచ్చినా ఉత్తరాలు నా చేతే చదివించుకునేవారు గానీ, ఆ తర్వాత కూడా ఒక ఏడాదిపాటు అలాగే, నేను చదివిన ప్రతి ఉత్తరాన్నీ మళ్లీ తీసుకుని చూసుకునేవారు. నాకు ప్రతిసారీ గుచ్చుకునేది. కానీ అది నేను సంపాదించుకున్నదే కాబట్టి నోరెత్తలేదు.

ఉత్తరం అందే టైము లేదు కాబట్టి బందరు వచ్చిన వెంటనే టెలిగ్రాం ఆఫీసుకి వెళ్లాం. అక్కడి గుమాస్తా ఆ మాటలు చూసి, "ఇదేం భాషండీ, స్పెల్లింగు తప్పినట్టుంది," అన్నాడు. మార్తమ్మ గారు కిటికీలోంచి తలదూర్చి ఒక్కో అక్షరం చెప్పి కొట్టించారు. లూసియన్ గారికి కోపం వచ్చింది. ఏడాది పాటు అక్కకి ఉత్తరం ముక్క రాయలేదు. జాన్ రాసేది. మూడు వంతుల్లో రెండు వంతుల తీగలు చిగిర్చాయని రాసింది. చచ్చిన వాటి చోట కొత్తవి నాటానంది. ఇంకో ఉత్తరంలో, నాన్న ఇవాళ ఏమీ మాట్లాడకుండా జేబులో కత్తీ, నారా వేసుకుని వచ్చి, రోజంతా చిగుళ్లు కట్టి వెళ్లాడు అని రాసింది. ఆ వాక్యం చదువుతుంటే మార్తమ్మ గారు ఏడ్చేశారు. "ఇప్పుడు ఏడవచ్చుగా?" అన్నారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. ఆ ఉత్తరం మాత్రం తిరిగి చూసుకోవడానికి అడగలేదు. నా చేత రెండోసారి చదివించుకున్నారు, అంతే. ఆ రోజు ఇంటికి పరిగెత్తుకుంటూ వెళ్లి అమ్మకి చెప్పాను.

కొత్త తీగలు కాపుకొచ్చిన ఏడు ఎండలు బాగా కాశాయట. ఆ వైన్ పీపాల్లో తేరుకుని, సీసాల్లోకి వచ్చి, ఆరు సీసాలు సముద్రం మీద పుదుచ్చేరికీ, అక్కణ్ణుంచి యానాంకీ చేరేసరికి నేను చదువు ముగించి స్కూల్లో టీచరుగా చేరాను. బందరు తెప్పించుకోవడానికి లేదు, నిషేధం ఉంది. యానాంలో అది లేదు. ఎవరో రహస్యంగా తెచ్చిపెడతానన్నారు. మార్తమ్మ గారు ఒప్పుకోలేదు. "ఈ ఊరు నాకు నీడనిచ్చింది. ఈ ఊరి చట్టం తప్పించుకుని తాగనా? మనమే యానాం వెళ్దాం," అన్నారు. నాన్న, నేను, ఆవిడ గుడివాడలో బండి మారి, కాకినాడ చేరి, బస్సులో యానాం వెళ్లాం. ఫిలిప్పు గారి చెల్లెలు సుందరమ్మ గారి ఇల్లు అది. గోదారి ఒడ్డున, మందపాటి గోడల పాత మేడ. టీ గ్లాసుల్లో పోశారు. మార్తమ్మ గారు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఎంతసేపున్నారంటే, సుందరమ్మ గారు కంగారుపడి, "పాడైపోయిందా వదినా?" అని అడిగారు. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఒక గుక్క తాగి, గ్లాసు నాకిచ్చారు. "ఎలా ఉందో చెప్పు. ఉన్నదున్నట్టు."

నాలిక పిడచగట్టుకుపోయింది. పచ్చి నేరేడుకాయ కొరికినట్టుంది. "వగరుగా ఉందండీ. నాకు నచ్చలేదు," అన్నాను. నాన్న నా వైపు కోపంగా చూశారు. మార్తమ్మ గారు మాత్రం నా వీపు మీద చరిచారు. "అదే జాన్‌కి రాయి. కుర్ర తీగల పళ్లు, వగరుగా కాక ఎలా ఉంటుంది? వగరున్నదే నిలవుంటుంది. మిగిలిన అయిదూ ఇక్కడే, ఈ చల్లటి గదిలో పడుకోబెట్టండి. ఏడేళ్ల తర్వాత వచ్చి చూస్తాం."

ఇప్పుడు బందరులో వీధికో వైన్ షాపుంది. అందులో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. క్లేర్ వాళ్ల ఊళ్లో ఈ పూట చలెంతో మా మనవరాలు ఫోన్ మీద వేలు పెట్టి చెప్పేస్తుంది. ఏ కబురునీ ఎవరూ నెలన్నర దాచలేరు. అది మంచిదే, నాలాంటి వాళ్లకి తప్పు చేసే వీలుండదు. అయితే ఒక కబురు కోసం నెల రోజులు ఎదురుచూడటంలో, దాన్ని పదిసార్లు చదువుకోవడంలో, అటువైపు మనిషి ఏం చేస్తుంటాడో ఊహించుకోవడంలో మాకొక ఓపిక అలవాటయింది. ఏడేళ్ల తర్వాత వస్తామని ఒక మనిషి అంటే, అది మాటవరసకి అన్నట్టు ఎవరికీ అనిపించేది కాదు. ఈమధ్య వచ్చే ఏడాది సంగతి మాట్లాడాలన్నా జనం తటపటాయిస్తున్నారు. మాకు డబ్బు తక్కువ, వసతులు తక్కువ. రాబోయే కాలం మాత్రం చాలా ఉన్నట్టుండేది.

ఏడేళ్లకి వెళ్లాం. నాకు అప్పటికి పెళ్లయింది, చంకలో పిల్లాడు. మార్తమ్మ గారు ఆపరేషన్ అయిన కంటితోనే రైలు కిటికీలోంచి అన్ని స్టేషన్ల పేర్లూ చదువుకుంటూ వచ్చారు. సుందరమ్మ గారు సీసా మీద దుమ్ము తుడిచి తెచ్చారు. ఈసారి రంగులోనే తేడా తెలిసింది, ఎరుపు అంచుల్లో ఇటుక రంగుకి తిరిగింది. వగరు పోయింది. దాని స్థానంలో ఏమొచ్చిందో చెప్పడానికి నాకు తెలుగులో గానీ ఫ్రెంచిలో గానీ మాట దొరకలేదు. మెత్తగా దిగి, చాలాసేపు నోట్లో నిలిచింది. నేను ఆవిడ గ్లాసు వంక ఆశగా చూడటం కనిపెట్టి మార్తమ్మ గారు పకపకా నవ్వారు.

"ఇంకోటి తియ్యమంటావా వదినా?" అన్నారు సుందరమ్మ గారు.

"వద్దు. ఇప్పుడిప్పుడే దారిలో పడుతోంది. మిగిలిన నాలుగూ అలాగే ఉంచు. ఇంకో అయిదేళ్లాగితే అసలు రుచి వస్తుంది."

సుందరమ్మ గారు నా వంక ఒకసారి, ఆవిడ వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "అప్పటికి మనం ఉంటామంటావా?" అన్నారు.

"ఉండకుండా ఎక్కడికి పోతాం?" అన్నారు మార్తమ్మ గారు. ఆవిడకి అప్పుడు డెబ్బై రెండు నడుస్తోంది. లేచి తనే వెళ్లి, నాలుగు సీసాలనీ గోడ వారగా మళ్లీ సర్ది, కొట్టుగది తలుపు దగ్గరికి లాగి గడియ పెట్టారు.